బయల్దేరేటప్పుడు కాస్త వణకాలి

గడ్డకట్టిన చెరువు మీద రంపంతో కోసిన గుంట. దాని అంచున కాళ్లకు స్కీలు, వీపున పెద్ద మూటతో ఓ సైనికుడు. సైగ రాగానే నల్లటి నీళ్లలోకి దూకేస్తాడు. తల మునిగి తేలుతుంది. పైకి వచ్చేయడానికి మాత్రం తొందరపడడు. మూట వదిలించుకుని ముందుకు నెడతాడు, స్కీ కర్రలు చేతికి తీసుకుంటాడు, ఒడ్డున నిలబడ్డ శిక్షకుడి వైపు చూస్తూ పేరు, ర్యాంకు, నంబరు చెప్పి, బయటికి రావడానికి అనుమతి అడుగుతాడు. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన రాయల్ మెరైన్లనే సైనికులు ఏటా చలికాలంలో ఉత్తర నార్వేలో చేసే ఈ కసరత్తు వీడియోలు మన ఫోన్లలోకీ వస్తుంటాయి. చూసినవాళ్లలో సగంమంది ‘వీళ్లకేం పిచ్చి’ అనుకుంటారు, మిగతా సగం ‘ఏం గుండె ధైర్యం’ అనుకుంటారు.

నన్నడిగితే ఇందులో పిచ్చి లేదు, ధైర్యం పాలు కూడా తక్కువే. ఆ పేరూ నంబరూ అడగడం ఊపిరి పరీక్ష. మంచునీళ్లు ఒంటికి తగలగానే మన ప్రమేయం లేకుండానే ఒక్కసారిగా గాలి లోపలికి లాగేస్తాం. ఆ క్షణంలో నోరు నీళ్ల కింద ఉంటే కథ అక్కడితో సరి. పైన ఉన్నా ఆ తర్వాత నిమిషంపాటు ఆగకుండా రొప్పుతాం. రొప్పుతున్నవాడు తన పేరు నిదానంగా చెప్పలేడు, ఎందుకంటే మాట రావాలంటే ఊపిరి వదలాలి. పేరు స్పష్టంగా వచ్చిందంటే ఊపిరి అదుపులోకి వచ్చిందని శిక్షకుడికి అర్థమవుతుంది. అప్పుడే ‘రా’ అంటాడు.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు తన ఒంటి మీదే ఎన్నోసార్లు ప్రయోగాలు చేసుకుని, ఈ విషయాన్ని మూడు అంకెల్లో పెట్టాడు: 1, 10, 1. మొదటి 1 నిమిషం ఊపిరిని దారికి తెచ్చుకోవడానికి. తర్వాత 10 నిమిషాలు చేతులూ కాళ్లూ మన మాట వింటాయి, బయటపడే ప్రయత్నం ఆ లోపే జరగాలి. ఆపైన స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. చల్లటి నీళ్లలో పడితే నిమిషంలో గడ్డకట్టి చచ్చిపోతామన్నది మనకున్న భ్రమ. నిజానికి చాలామంది చలికి కాదు, మొదటి నిమిషపు కంగారుకు మునిగిపోతారు.

బయటికొచ్చినవాడు వెంటనే పొడిమంచులో పొర్లుతాడు. చూడ్డానికి ఇంకో పిచ్చిలా ఉంటుంది గానీ, పొడిమంచు అద్దుడు కాగితంలా బట్టల్లోని నీటిని పీల్చేస్తుంది. ఆ తర్వాత క్షణం ఆలస్యం చేయకుండా పొడిబట్టలు, వేడిగా ఏదన్నా తాగడానికి. చెరువు పాఠం అంతటితో అయిపోతుంది. కానీ ఆ పొర్లడంలో ఉన్న సూత్రమే మిగతా శిక్షణ మొత్తానికి ఆధారం: చలిని భరించవచ్చు, తడిని భరించలేం.

ముందుగా ఓ చిన్న ఇబ్బంది చెప్పుకోవాలి. తెలుగులో తెల్లారి గడ్డి మీద పడేదీ మంచే, రోడ్డు మీద కమ్మేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే, గడ్డకట్టిన జలపాతమూ మంచే. మన వాతావరణానికి ఆ ఒక్క మాట చాలింది. ఇక్కడ మాత్రం కురిసేదాన్ని మంచు అనీ, గట్టిపడ్డదాన్ని ఐసు అనీ అంటాను. ఈ తేడా తెలియకపోతే నార్వేలో ఒక్క పూట కూడా గడవదు.

మంచులో సైనికుల శిక్షణ అనగానే మనం మూడు వేర్వేరు పనుల్ని ఒకే గాటన కట్టేస్తాం. మొదటిది చలిప్రాంతపు యుద్ధవిద్య: చలిలో బతకడం, కదలడం, ఆ పైన పోరాడటం. రెండోది ఐసు ఎక్కడం: నిటారుగా గడ్డకట్టిన జలపాతాన్ని తాడుతో, గొడ్డళ్లతో ఎక్కే నైపుణ్యం. మూడోది ధ్రువయాత్ర: వారాల తరబడి స్లెడ్జి, అంటే మంచు మీద జారే చక్రాల్లేని బండి, లాక్కుంటూ నడవడం. ఒకే మనిషి మూడూ చేయొచ్చు. బ్రిటిష్ సైన్యంలో సాహస శిక్షణ అనే పేరుతో కొండలెక్కడం, స్కీయింగ్ లాంటివి యుద్ధవిద్యతో సంబంధం లేకుండా విడిగా కూడా చేయిస్తారు. అందుకే ఫొటోలో ఐసుగోడ మీద వేలాడుతున్న సైనికుడు యుద్ధానికి సిద్ధమవుతున్నాడో, సాహస శిక్షణకు వచ్చాడో, సెలవు పెట్టి వచ్చాడో చెప్పలేం. మూడింటికీ గడియారాలు వేరు. చెరువులో లెక్క నిమిషాల్లో ఉంటుంది, ఐసుగోడ మీద గంటల్లో, ధ్రువాల్లో వారాల్లో.

ఇదంతా నేర్చుకోవడానికి నార్వేకే ఎందుకు వెళ్తారు? రష్యాతో సరిహద్దు ఉన్న నాటో దేశం కావడం రాజకీయ కారణం. రాయల్ మెరైన్లు అర్ధశతాబ్దానికి పైగా అక్కడికి వెళ్తున్నారు. 2023లో ఉత్తర నార్వే నగరం ట్రోమ్సోకు దక్షిణంగా సుమారు 65 కిలోమీటర్ల దూరంలో ఓవర్‌బిగ్డ్ అనే ఊళ్లో ‘క్యాంప్ వైకింగ్’ పేరుతో స్థావరమే పెట్టుకున్నారు. చలిప్రాంతపు యుద్ధవిద్య మీద నాటో దేశాల ప్రత్యేక కేంద్రం కూడా నార్వేలోని ఎల్వెరుమ్‌లోనే ఉంది.

నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించే కారణం అక్కడి వాతావరణం. ఆర్కిటిక్ వలయానికి పైన ఉన్నా, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల ఉత్తర నార్వే తీరం ఉండాల్సినంత చల్లగా ఉండదు. లోపలి లోయల్లో మైనస్ 20 దాటిపోయిన వారంలోనే తీరంలో సున్నా దగ్గర వాన పడొచ్చు. కొత్తవాళ్లు మైనస్ 20 అంటే హడలిపోతారు. అనుభవం ఉన్నవాళ్లు భయపడేది సున్నాకే. మైనస్ 20లో మంచు పొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. సున్నా దగ్గర అది కరిగి బూట్లలోకి, చేతితొడుగుల్లోకి దిగుతుంది. పాదాలు గంటల తరబడి చల్లగా, తడిగా ఉంటే ఐసు కట్టకుండానే నరాలు దెబ్బతింటాయి. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లోనూ, 1982లో బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలోనూ సైనికుల్ని కుంటివాళ్లను చేసింది ఈ గాయమే. ఏళ్లు గడిచినా ఆ కాళ్లకు నొప్పి, తిమ్మిరి వదలకపోవచ్చు. ఆఫ్రికా మూలాలున్న సైనికులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువని తేలింది. శిక్షణలో అందరికీ ఒకే కొలత పనికిరాదని సైన్యాలు తెలుసుకున్నది ఇలాంటి అనుభవాలతోనే.

తడి బయటి నుంచే రానక్కర్లేదు. ముప్ఫై కిలోల మూట వేసుకుని కొండెక్కేవాడికి మైనస్ 15లోనైనా చెమట పడుతుంది. నడుస్తున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. ఆగిన ఐదు నిమిషాలకు మొదలవుతుంది అసలు కథ. ఎండాకాలంలో కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనకు తెలుసు. కుండ పైకి ఊరిన తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. చెమటతో తడిసిన చొక్కా వేసుకుని మంచులో నిలబడ్డవాడు సరిగ్గా ఆ కుండే. పైగా నీళ్లు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తాయి. మనం నెత్తిన పెట్టుకునే నూలుబట్టకు అక్కడ చోటే లేదు. చెమట పీల్చుకుని ఒంటిని చల్లబరచడం మన ఊళ్లో నూలు గొప్పతనం, అక్కడ అదే దాని నేరం.

అందుకే శిక్షకులు మొదటిరోజే చెప్పే మాట: బయల్దేరేటప్పుడు కాస్త వణకాలి. వెచ్చగా బయల్దేరినవాడు పది నిమిషాల్లో తడుస్తాడు. నడక మొదలవ్వకముందే మందపాటి జాకెట్ తీసి మూటలో పెట్టాలి, ఆగిన మరుక్షణం తీసి వేసుకోవాలి. వినడానికి ఇంతే. అలసిపోయి, ఆకలేసి, చీకట్లో వేళ్లు మొద్దుబారినప్పుడు ఆ జాకెట్ తీసి వేసుకోవడానికి బద్ధకం వేస్తుంది చూడండి, ఆ బద్ధకం మీదే యుద్ధమంతా. ఈ విషయంలో నాకు బాగా నచ్చిన వస్తువు నార్వేవాళ్ల వల బనీను. 1933లో హెన్రిక్ బ్రూన్ అనే సైనికాధికారి చేపల వలలతో కుట్టించాడు దాన్ని. నిండా చిల్లులున్న బనీను వెచ్చగా ఎలా ఉంటుందంటే, ఆ చిల్లుల్లో గాలి నిలుస్తుంది, చెమట ఆవిరి దారి చూసుకుని పైపొరల్లోకి పోతుంది, తడిబట్ట చర్మానికి అంటుకోదు. ఇప్పటికీ నార్వేలో వాడుతున్నారు.

ఇక ఐసు ఎక్కడం. దక్షిణ నార్వేలో టెలిమార్క్ ప్రాంతంలో ర్యూకాన్ అనే ఊరుంది. ఎంత ఇరుకు లోయలో ఉందంటే సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా ఊళ్లోకి ఎండే రాదు. 2013లో కొండ మీద మూడు పెద్ద అద్దాలు పెట్టి, ఊరి కూడలిలోకి కాస్త ఎండ మళ్లించుకున్నారు. జనానికి కష్టమైన ఆ నీడే ఐసు ఎక్కేవాళ్లకు వరం. లోయ చుట్టూ నూటికి పైగా జలపాతాలు గడ్డకట్టి నెలల తరబడి నిలబడతాయి. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చేవాళ్లతో పాటు సైనిక బృందాలూ వస్తుంటాయి.

దగ్గర నుంచి చూస్తే ఐసు ఎక్కడం బలం కంటే చెవికి సంబంధించిన విద్య. రెండు చేతుల్లో రెండు గొడ్డళ్లు, బూట్ల కింద ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప మొనలతో క్రాంపాన్లు. గొడ్డలి దిగినప్పుడు ‘థక్’ మని బరువైన శబ్దం వస్తే బాగా దిగినట్టు. డొల్లగా మోగితే వెనక గాలి ఉన్నట్టు, బరువు వేయకూడదు. చలి ఎక్కువైతే ఐసు గట్టిగా ఉండి మేలనుకుంటాం గానీ, మైనస్ 20లో అది గాజులా పెళుసుబారి, కొట్టిన చోట పళ్లెమంత ముక్క విరిగి మొహం మీదికి వస్తుంది. సున్నాకు కొద్దిగా దిగువన ఉన్నప్పుడే గొడ్డలి సాఫీగా దిగుతుంది. ముందు ఎక్కేవాడు దారిలో గొట్టాల్లాంటి స్క్రూలను ఐసులోకి తిప్పి, వాటికి తాడు తగిలించుకుంటూ పోతాడు. రాతి మీద పడితే తాడు ఆపుతుందని ధైర్యం చేసేవాళ్లు కూడా ఇక్కడ పడకూడదనే ఎక్కుతారు. పడేటప్పుడు క్రాంపాన్ మొన ఐసుకు తగిలిందా, చీలమండ విరిగినట్టే. గంటసేపు చేతులు తలపైకి ఎత్తి ఎక్కాక వేళ్లలోకి రక్తం తిరిగి వచ్చేటప్పటి నొప్పికి కరడుగట్టిన సైనికులకూ కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

సైన్యంలో ఈ విద్యకు ఇంకో మెలిక ఉంది. ఎక్కినవాడి పని ఎక్కడంతో అయిపోదు. రాయల్ మెరైన్లలో మౌంటెన్ లీడర్లని ప్రత్యేక విభాగం ఉంది. వాళ్లు ముందు ఎక్కి తాళ్లు కడితే, ఐసు ఎక్కడం రాని మిగతా దళం ఆ తాళ్ల మీద పైకి వస్తుంది, తుపాకులతో, మూటలతో, చాలాసార్లు చీకట్లో. సరదాకి ఎక్కేవాడు కష్టమైన దారిని వెతుక్కుంటాడు. మౌంటెన్ లీడర్ తన వెనక వచ్చే అందరికంటే చేతకానివాడు ఎక్కగలిగే దారి వెతుకుతాడు.

దీనికి చరిత్రలో ర్యూకాన్ పక్కనే గొప్ప ఉదాహరణ ఉంది. ఊరికి దగ్గర్లో లోయ అంచున వేమోర్క్ కర్మాగారం. రెండో ప్రపంచయుద్ధంలో నార్వేను ఆక్రమించిన జర్మన్లకు అణుపరిశోధన కోసం అక్కడి నుంచే భారజలం వెళ్లేది. 1942 అక్టోబరులో బ్రిటన్ నుంచి నలుగురు నార్వే యువకులు పారాచూట్లతో పక్కనున్న హార్డాంగర్ పీఠభూమి మీద దిగారు. నవంబరులో కర్మాగారాన్ని పేల్చడానికి బ్రిటిష్ సైనికులతో వస్తున్న గ్లైడర్లు (ఇంజను లేని విమానాలు) కూలిపోయాయి, ప్రాణాలతో మిగిలినవాళ్లను జర్మన్లు చంపేశారు. దాంతో ఈ నలుగురు ఆ చలికాలమంతా పీఠభూమి మీదే దాక్కోవాల్సి వచ్చింది. రాళ్ల మీద పెరిగే నాచులాంటి లైకెన్ ఉడకబెట్టుకుని తిన్నారు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు ఒక రెయిన్‌డీర్ దొరికింది. దాని పొట్టలో సగం అరిగిన లైకెన్‌ను కూడా వదల్లేదు. మనిషి అరిగించుకోలేని ఆ నాచును జంతువు అప్పటికే సగం అరిగించిపెట్టింది మరి.

1943 ఫిబ్రవరిలో ఇంకో ఆరుగురు వచ్చి కలిశారు. నాయకుడు జోయాకిమ్ రోనెబెర్గ్ వయసు అప్పటికి 23. కర్మాగారానికి వెళ్లే వేలాడే వంతెన మీద కాపలా ఉంది. లోయలోకి దిగి అవతలి గోడ ఎక్కి ఎవరూ రాలేరని జర్మన్ల ధీమా. విమానం నుంచి తీసిన ఫొటోల్లో ఆ గోడ మీద చెట్లు కనిపించాయి. చెట్టు నిలబడ్డ చోట మనిషీ నిలబడగలడన్నది నార్వేవాళ్ల లెక్క. 27వ తేదీ రాత్రి తొమ్మిది మంది లోయలోకి దిగి, గడ్డకట్టిన నది దాటి, మంచూ రాయీ కలిసిన ఆ గోడెక్కి రైలుపట్టా మీదుగా లోపలికి చేరారు. ఒక్క తూటా పేలకుండా భారజలం తయారుచేసే పరికరాలు పేల్చేసి బయటపడ్డారు. వాళ్లలో ఐదుగురు సుమారు 400 కిలోమీటర్లు స్కీల మీద నడిచి స్వీడన్ చేరారు. వాళ్లకు శిక్షణ ఇచ్చింది స్కాట్లండ్ కొండల్లో. పేలుడు పదార్థాల విద్య అక్కడ నేర్చుకున్నారు గానీ, చలిలో బతకడం మాత్రం చిన్నప్పుడే వచ్చింది. దళంలో కొందరు ర్యూకాన్‌లోనే పుట్టి పెరిగినవాళ్లు. చలిదేశపు అలవాటును బయటివాళ్లకు కొన్ని వారాల్లో ఎక్కించడమే ఇప్పటి శిక్షణ చేసే పని అనుకుంటే, అది ఎంత కష్టమో ఈ కథలోనే ఉంది.

అదే పీఠభూమి ఉత్తరపు అంచున ఫిన్సె అనే రైల్వేస్టేషన్ ఉంది. సముద్రమట్టానికి 1222 మీటర్ల ఎత్తు, రోడ్డు లేదు, రైలు దిగితే కళ్లముందే హిమానీనదం. 1914లో ధ్రువయాత్రికుడు షాకిల్టన్ అంటార్కిటికాకు వెళ్లే ముందు తన సామాను పరీక్షించుకున్నది ఇక్కడే. ఇప్పటికీ ధ్రువాలకు వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఇక్కడికొచ్చి ‘పల్క్’ అనే స్లెడ్జిని లాగడం నేర్చుకుంటారు.

ఈ శిక్షణలో ఐసుగోడ మీదున్న ఉత్కంఠ ఏమీ ఉండదు, నిజం చెప్పాలంటే చూసేవాడికి పరమ బోరు. గంట లాగు, పది నిమిషాలు ఆగు, కొవ్వు దండిగా ఉన్నదేదో నములు, మళ్లీ లాగు. రోజుకు 5000 కేలరీలు తిన్నా బరువు తగ్గిపోతారు. గుడారంలోకి చేరాక ఇంకో రెండు గంటల పని. తాగే ప్రతి చుక్కా మంచు కరిగించుకున్నదే, తాజా మంచైతే లీటరు నీటికి పది లీటర్లంత పోయాలి. గిన్నె అడుగున కాసిని నీళ్లు ఉంచి దాంట్లో మంచు వేయాలి, ఉత్త మంచు వేస్తే అడుగు మాడి నీళ్లకు ఆ కంపు పడుతుంది. స్టవ్‌లో ఇంధనం పోసేటప్పుడు చేతితొడుగు తీయకూడదు. పెట్రోలు లాంటి ఇంధనం మైనస్ 30లోనూ ద్రవంగానే ఉంటుంది. చర్మం మీద చిందిందా, మైనస్ 30 వేలికి అతుక్కుని ఆవిరవుతూ ఇంకా చల్లబరుస్తుంది. క్షణాల్లో ఫ్రాస్ట్‌బైట్, అంటే చర్మం గడ్డకట్టి చచ్చుబడటం.

ఇలాంటి పనులు నేర్చుకుని వెళ్లినవాళ్లలో ప్రీత్ చాందీ ఒకరు. ఇంగ్లండ్‌లోని డెర్బీలో పంజాబీ కుటుంబంలో పుట్టి, బ్రిటిష్ సైన్యంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసిన కెప్టెన్. చలిదేశపు పెంపకం ఏమీ లేదు. ఇంటి దగ్గర నడుముకు టైర్లు కట్టుకుని లాగింది, నార్వేలో కోర్సు చేసింది, గ్రీన్‌లాండ్ మంచుపలక మీద సాధన చేసి వచ్చింది. 2022 జనవరి 3న ఒంటరిగా దక్షిణ ధ్రువం చేరింది. 700 మైళ్లు, 40 రోజులు, దాదాపు 90 కిలోల స్లెడ్జి. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లి 70 రోజుల్లో 1485 కిలోమీటర్లు నడిచింది.

అదే సైన్యానికి చెందిన హెన్రీ వర్స్‌లీకి అనుభవం ఇంకా ఎక్కువ, అంతకుముందే రెండుసార్లు అంటార్కిటికా యాత్రలు చేశాడు. 2016 జనవరిలో ఖండాన్ని ఒంటరిగా దాటుతూ, గమ్యం ఇంకా 30 మైళ్లుందనగా 71వ రోజున సాయం కోరాడు. విమానంలో చిలీలోని పుంటా అరేనాస్‌కు తీసుకెళ్లారు. పొట్టలో ఇన్‌ఫెక్షన్ అప్పటికే ముదిరిపోయింది, 24న చనిపోయాడు. చలిలో అలసట ఎంత, జబ్బు ఎంత అని ఒంటరి మనిషి తన ఒంట్లో తాను విడదీసుకోవడం ఎంత కష్టమో తలచుకుంటే టెన్షన్ వేస్తుంది. జంటగా ఉన్నప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నియమం: ముక్కు మీద, బుగ్గ మీద తెల్లమచ్చ కనిపిస్తే ఆగాలి, మాట ముద్దగా వస్తుంటే ఆగాలి. ఒంటరివాడికి ఆ అద్దం లేదు.

గుంపుగా ఉన్నంత మాత్రాన అందరూ క్షేమమనీ అనుకోలేం. 1986 మార్చి 5న నార్విక్ దగ్గర వాస్‌డాలెన్ లోయలో నాటో విన్యాసాల మధ్య 31 మంది నార్వే సైనికుల మీద మంచుచరియ విరిగిపడింది, 16 మంది చనిపోయారు. చలిలో పుట్టి పెరిగిన సైన్యమే అది. చరియలు పడొచ్చన్న హెచ్చరికలూ ముందే ఉన్నాయి. విన్యాసాల టైమ్‌టేబుల్ నడుస్తూ ఉంది, దళం కొండకింద నుంచి వెళ్లింది.

మనవాళ్లకు ఈ పాఠాలన్నీ ఎత్తుతో కలిపి వస్తాయి. గుల్‌మార్గ్‌లో 1948లో మొదలైన సైనిక పాఠశాలలో స్కీయింగ్, ఐసు ఎక్కడం నేర్పుతారు. 1984 నుంచి సియాచిన్ కాపలా ఉంది. 2016 ఫిబ్రవరిలో 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి చనిపోయిన పదిమందిలో దాదాపు అందరూ మద్రాస్ రెజిమెంట్‌వాళ్లు, అందులో ఒకరు కర్నూలు జిల్లా కుర్రాడు. జీవితంలో ఐసు అంటే సోడాబండి మీద చూసినవాళ్లే మనలో ఎక్కువ. అలాంటి ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లకు నడక దగ్గర్నుంచీ కొత్తగా నేర్పాలి. 2021 అక్టోబరులో అమెరికా సైన్యంతో కలిసి అలాస్కాలో చేసిన ‘యుద్ధ్ అభ్యాస్’ విన్యాసాలకు వెళ్లింది కూడా మద్రాస్ రెజిమెంట్ బెటాలియనే.

నార్వేలో రాత్రి గుడారంలో అందరూ పడుకున్నా ఒకడు మేలుకునే ఉంటాడు. స్టవ్ వెలుగుతున్నంతసేపూ అతనికి నిద్ర లేదు, మంట అంటుకోకుండా, పొగ విషం కమ్మకుండా, గాలి రంధ్రం మంచుతో పూడిపోకుండా చూసుకోవాలి. తుపాకుల్ని బయటే వదిలేస్తారు, లోపలి వెచ్చదనానికి ఇనుము చెమటపట్టి, పొద్దున బయటికి తీయగానే ఆ చెమట ఐసు కట్టి పేలకుండా పోతుంది గనక. మేలుకున్నవాడు గిన్నెలో ఇంకాస్త మంచు వేస్తాడు, ఫ్లాస్కులు నింపుతాడు. వంతు అయ్యాక పక్కవాణ్ణి తట్టి లేపి, తడిసిన మేజోళ్లు చొక్కా లోపల పొట్టకు ఆనించుకుని స్లీపింగ్ బ్యాగులోకి దూరతాడు. తెల్లారేసరికి అవి ఆరాలి.